అమావాస్య నాడు వెలిగించిన కొలిమి

కాపురానికి వచ్చిన నాలుగో రోజున మా అత్తగారు నన్ను కమ్మరిసాలలోకి తీసుకెళ్ళి తిత్తుల ముందు పీట వేసి కూర్చోబెట్టింది. నా కాళ్ళకి పారాణి ఇంకా పోలేదు. ఇన్నాళ్ళూ తాను కూర్చున్నాననీ, ఇక నేను కూర్చోవాలనీ చెప్పి, చేతులు దులుపుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ దులుపుకున్నది ముప్ఫై ఏళ్ళ చాకిరీ అని అప్పుడు నాకు తెలియలేదు. మా పుట్టింట్లోనూ కొలిమే. కాని మా నాన్న తిత్తి కొట్టడానికి ఒక మనిషిని పెట్టుకునేవాడు. అత్తవారింట్లో ఆ మనిషిని నేనే.

తిత్తులు రెండు, మేకతోలువి. ఎడమ చేతికొకటి, కుడి చేతికొకటి. ఒకటి లేస్తుంటే ఒకటి అణగాలి, మధ్యలో గాలి తెగకూడదు. తెగితే నిప్పు మసకేస్తుంది, ఇనుము చల్లారుతుంది, మగాడి సుత్తి గాలిలో ఆగుతుంది, ఆయన చూపు మన మీద పడుతుంది. చద్దన్నాల వేళ నుంచి మధ్యాహ్నం దాకా ఒక విడత, భోజనాలయ్యాక దీపాలు పెట్టేదాకా ఇంకో విడత. ఏరువాక ముందు ఊరి రైతులంతా నాగటి కర్రులు పట్టుకుని ఒక్కసారే వస్తారు. కోతల ముందు కొడవళ్ళతో వస్తారు. కళ్ళంలో మా వంతు గింజలు పక్కన పోసేటప్పుడు మాత్రం "ఇవి కమ్మరికి" అంటారు. కమ్మరి ఒక్కడే గాలీ నిప్పూ సుత్తీ అన్నీ అయినట్టు.

నలుగురు పిల్లల్ని కన్నాను. ఒక్క కూతురు దక్కింది. నాలుగుసార్లూ నొప్పులు వచ్చేదాకా ఆ పీట మీదే ఉన్నాను. పురిటి స్నానం అయిన కొన్నాళ్ళకే మళ్ళీ అక్కడే. బయటున్న మూడు రోజులూ అత్తగారు సణుక్కుంటూ తిత్తి దగ్గర కూర్చునేది. ఆ మూడు రోజులూ నాకు విశ్రాంతి అనుకునేరు, పెరట్లో పిడకలు కొట్టే పని ఎక్కడికి పోతుంది?

నాకు మిగిలింది అమావాస్య ఒక్కటే. మా పంచాణం వాళ్ళు, అంటే కమ్మరీ వడ్రంగీ కంసాలీ లాంటి అయిదు పనుల వాళ్ళు, అమావాస్య నాడు పనిముట్టు ముట్టుకోరు. కొలిమిలో నిప్పు వెయ్యరు, దాగలి మీద దెబ్బ పడదు. దాగలి అంటే సుత్తి దెబ్బలు కాసే ఆ ఇనప దిమ్మ. అది మాకు దేవుడితో సమానం. దాన్ని కడిగి, బొట్టు పెట్టి, ఓ పువ్వు ఉంచి ఊరుకుంటాం. ఊళ్ళో వాళ్ళకి పౌర్ణమి మంచిది, నాకు అమావాస్య మంచిది. ఆ రోజు తలంటు పోసుకుని, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చునేదాన్ని. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంటే అవి నావి కానట్టు వాటంతట అవే అదిరేవి. అమావాస్య ఎప్పుడొస్తుందో మా పురోహితుడికన్నా నాకే ముందు తెలిసేది.

మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన అందరు కమ్మరుల్లాంటి వారు కాదు. పెళ్ళికి ముందు కొన్నాళ్ళు ధవళేశ్వరంలో దొరల దగ్గర సమ్మెట పని చేసి వచ్చారు. అక్కడ ఏం తిన్నారో గాని, ఏ వస్తువు చూసినా ఇది ఇలాగే ఎందుకుండాలి అనే జబ్బు పట్టుకుంది. అడకత్తెర చూస్తే అది తనంతట తాను తెరుచుకోవాలి. కొబ్బరి కోరు చూస్తే దాని కింద చక్రం ఉండాలి. ఒకసారి మా వెనక గది తలుపుకి ఒక గడియ చేశారు. దాన్ని ఎలా తియ్యాలో ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియదు. అత్తగారు లోపల పప్పు చేట తేవడానికి వెళ్ళింది, తలుపు పడింది. ఆయన తణుకు వెళ్ళారు. సాయంత్రం వచ్చేదాకా ఆవిడ లోపలి నుంచి కొడుకునీ, కొడుకు విద్యనీ, చివరికి ధవళేశ్వరాన్నీ కలిపి తిట్టింది. ఆయన వచ్చి, గడియ తీసి, తల్లి మొహం చూడకుండా గడియనే చూస్తూ, గట్టిగానే ఉంది అన్నారు.

మెత్తని మనిషే. చెయ్యెత్తలేదు, తాగలేదు. యానాం పోయి నాలుగు రోజులకి తిరిగొచ్చే మొగుళ్ళున్న ఊళ్ళో నాకంటూ చెప్పుకోవడానికి ఏ కష్టమూ లేదని అందరూ అనేవారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం, అంతే. ఆ కుందేటిని మోసేది ఇంకొకరైనా సరే.

ఆయన మెదడుని ఆరేళ్ళు తినేసింది తూము తలుపు. మా డెల్టాలో కాలవలు ఉన్న చోటల్లా పొలాలకి నీళ్ళు వదిలే తూములుంటాయి. అప్పట్లో వాటికి బరువైన చెక్క తలుపులు. కాలవ నిండుగా ఉన్నప్పుడు నీటి తోపుడికి ఆ తలుపు గోడకి కరుచుకుపోయేది. కాలవ కాపలా చూసే లస్కరు ఊళ్ళోకి పరుగెత్తుకొచ్చి నలుగురైదుగుర్ని పోగుచేసుకుని, గునపాలు వేసి ఎత్తించేవాడు. ఎత్తినవాళ్ళలో ఒకడికి గునపం జారి రెండు వేళ్ళు పోయాయి. ఆ గునపం మా ఆయన చేసిందే. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ఈ పని ఒక్క మనిషి చెయ్యగలగాలి అన్నారు. అన్నం ముట్టలేదు.

అప్పట్నుంచి ఇంట్లో ఎక్కడ చూసినా తాటి మట్టలే. తాటి మట్టని కోసి రంపానికున్నట్టు పళ్ళు చెక్కేవారు, ఇంకో ముక్కతో దానికో నాలుక చేసేవారు. మీట నొక్కితే పళ్ళ మట్ట ఒక్కొక్క పన్నే పైకి లేవాలి, నాలుక అడ్డుపడి కిందికి జారకుండా పట్టుకోవాలి. బియ్యం డబ్బాలో పళ్ళ మట్టలు, ఉట్టి మీద నాలుకలు, దేవుడి గూట్లో మీటలు. నేను విసుక్కుంటే నవ్వేవారు. మట్టతో కుదిరినది ఇనుముతో కుదరలేదు. పళ్ళు సమానంగా రాకపోతే నాలుక జారిపోతుంది. మళ్ళీ కాల్చాలి, మళ్ళీ కొట్టాలి. రైతుల పని పగలంతా సరిపోయేది, ఆ తూము పని చద్దన్నాలకి ముందు, దీపాలు పెట్టాక. అంటే నా రెండు విడతలూ అటో గంట, ఇటో గంట సాగాయి.

ఒకసారి నోరు తెరిచి అడిగాను. తిత్తికి ఒక మనిషిని పెట్టుకుందామండీ, నా భుజాలు పట్టేస్తున్నాయి అన్నాను. ఆయన సుత్తి కింద పెట్టి నిజంగా ఆశ్చర్యపోయారు. "నీ చెయ్యి లాంటి చెయ్యి ఎక్కడ దొరుకుతుందే? కూలివాడు బొగ్గులు తగలేస్తాడు, ఇనుముని చంపుతాడు. నువ్వుంటే నేను నిప్పు సంగతి ఆలోచించక్కర్లేదు" అన్నారు. ఆయన నన్ను పొగిడిందంటే అదే. ఆ పొగడ్త నాకు పగ్గమైంది. ఇంకోసారి అడగలేకపోయాను.

ఆరో ఏట అది కుదిరింది. మా ఊరి పిల్ల కాలవ తూముకి బిగించారు. మగవాళ్ళంతా గట్టు మీద నిలబడి చూస్తుంటే, పదేళ్ళ మా అమ్మాయిని పిలిచి మీట నొక్కమన్నారు. అది నొక్కింది. టక్, టక్ అంటూ ఒక్కొక్క పన్నే లేచి తలుపు పైకి వచ్చేసింది, నీళ్ళు పొలంలోకి పరుగెత్తాయి. వేళ్ళు పోయిన మనిషి ముందుకొచ్చి ఆ మీటని రెండుసార్లు తానే నొక్కి చూశాడు. ఆ రోజు మా ఆయన్ని చూసి నేను గర్వపడ్డాను. ఆ మాట కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

లస్కరు నోట ఆ కబురు పైకి పాకింది. జ్యేష్ఠ మాసంలో, కాలవలు వదిలిన కొత్తల్లో, కాలవల దొరగారు పడవలో వచ్చి చూసి వెళ్ళారు. మంచి మనిషిలాగే ఉన్నాడు. మీట తానే నొక్కి, వంగి నాలుకని చూసి, తల ఊపాడట. గుమాస్తా చేత చెప్పించిన మాట ఇది: పెద్ద కాలవ మీద లోతైన తూము ఒకటుంది, దానికి పనిచేస్తే ఆ కాలవ పొడుగునా ఉన్న ముప్ఫై తూములకీ ఇదే పెట్టిస్తారు, అన్నీ మా ఆయన చేతే చేయిస్తారు. ఒక షరతు. లోతైన తూముకి పళ్ళున్న ఇనప కమ్మి పొడుగు కావాలి, రెండు కమ్ములు అతకాలి. ఆ అతుకు నిలవకపోతే తలుపు జారిపోతుంది. కాబట్టి పల్లెటూరి కొలిమిలో అతుకు ఎలా వేస్తారో అక్కడే, గట్టు మీదే, తన కళ్ళ ముందు వెయ్యాలి. వచ్చే వారం ఫలానా రోజున వస్తానన్నాడు.

ఆ రోజు అమావాస్య.

అత్తగారు నెత్తీనోరూ కొట్టుకుంది. మీ తాతలు చెయ్యలేదు, మీ నాన్న చెయ్యలేదు, దొర కోసం దేవుణ్ణి తొక్కుతావా అని మూడు రోజులు అన్నం మానేసింది. మర్నాటికి మార్చమని అడగమంది. మా ఆయన గుమాస్తాని కలిసి అడిగారు కూడా. దొరగారు ఆ మర్నాడే రాజమండ్రి వెళ్ళిపోతారనీ, మళ్ళీ ఎప్పుడొస్తారో చెప్పలేమనీ జవాబు వచ్చింది. ఆయన ఆరేళ్ళ బతుకు ఆ ఒక్క రోజు మీద నిలబడి ఉంది. చివరికి తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టి, పాపం నాది అన్నారు.

నన్నెవరూ అడగలేదు. అమావాస్య అంటే ఆయనకి ఆచారం, అత్తగారికి భయం. అది నాకేమిటో ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ముప్ఫై తూములు అన్న మాట విన్నప్పట్నుంచి నా బుర్రలో ఒకటే లెక్క తిరుగుతోంది. చివరికి కుదిరిన ఆ ఒక్క తూముకే పది రోజులు తిత్తి కొట్టాను. ముప్ఫై తూములకి ఎన్ని పది రోజులు? వాటి మధ్యలో కర్రులూ కొడవళ్ళూ ఎలాగూ తప్పవు. ముప్ఫై అయ్యాక ఇంకో కాలవ. ఆయన మొహం వెలిగిపోతుంటే నేను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇప్పుడు ఆ అమావాస్య కూడా పోయింది.

పొద్దున్నే బండి మీద దాగలి, తిత్తులు, బొగ్గుల బస్తా వేసుకుని పెద్ద కాలవ గట్టుకి వెళ్ళాం. ఆ ఏడు వానలింకా పడలేదు. గట్టు మీద చెట్టు నీడ లేదు. మట్టి తవ్వి గుంత చేసి, నాలుగు రాళ్ళు పేర్చి కొలిమి పెట్టాం. దొరగారికి గొడుగు కింద కుర్చీ వేశారు. గుమాస్తా, లస్కరు, రెండు ఊళ్ళ రైతులు. సమ్మెట వెయ్యడానికి మా ఆయన పినతండ్రి కొడుకు వచ్చాడు. ఆడదాన్ని నేనొక్కదాన్నే. పైట తల మీదికి లాక్కుని, వీపు జనానికి తిప్పి తిత్తుల ముందు కూర్చున్నాను.

మా పని తెలియని వాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. కమ్మరిసాల ఎప్పుడూ చీకటిగా ఉంటుంది. అది బీదతనం వల్ల కాదు. ఇనుము ఎంత కాలిందో రంగు చూసే చెబుతారు, ఆ రంగు చీకట్లోనే తెలుస్తుంది. ముందు దానిమ్మ గింజ రంగు, తరవాత మోదుగ పువ్వు, ఆ తరవాత పండిన నిమ్మకాయ. అతుకు వెయ్యడానికి ఇంకా ముదరాలి, జున్ను తెలుపు రావాలి. అది దాటితే ఇనుము మాడిపోతుంది. మాడిన ఇనుము చూడ్డానికి బాగానే ఉంటుంది, అతికినట్టే ఉంటుంది, బరువు పడితే బిస్కత్తులా విరుగుతుంది. మా ఆయన పుట్టి బుద్ధెరిగి ఆ రంగులన్నీ నీడలో చూసినవారే. పట్టపగలు మిట్ట ఎండలో జున్ను తెలుపు నిమ్మకాయలా కనిపిస్తుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎప్పుడూ అవసరం పడలేదు గనక ఆయనకీ తట్టలేదు.

నాకు మాత్రం రంగుతో పని లేదు. తిత్తి కొట్టేవాళ్ళు నిప్పులోకి చూస్తూ కూర్చుంటే కళ్ళు పోతాయి, మేం చెవితో చేస్తాం. అతుకు వేడి వచ్చేసరికి నిప్పులో సన్నని చిటపట పుడుతుంది, ఆవాలు వేగినట్టు. అది వినగానే నా చేతులు వాటంతట అవే నెమ్మదించేవి. ఆయన తలెత్తి, పట్టుకారుతో ఇనుము బయటికి తీసేవారు. ఇరవై ఏళ్ళుగా అలాగే జరుగుతోంది. ఆయన రంగు చూసి తీస్తున్నానని అనుకునేవారు, నేను ఊరుకునేదాన్ని.

ఆ రోజు రెండు కమ్ముల కొసలూ నిప్పులో పెట్టారు. అతుకు పట్టడానికి వాటి మీద ఇసక జల్లారు. నేను తిత్తులు అందుకున్నాను. ఎండ నెత్తి మీద, నిప్పు మొహం మీద. కుడి భుజంలో సూది పెట్టి తిప్పుతున్నట్టుంది. కాసేపటికి చిటపట వినిపించింది.

ఆయన తియ్యలేదు. వంగి చూస్తున్నారు, ఇంకా రాలేదని తల అడ్డంగా ఊపుతున్నారు.

అంతమంది మగవాళ్ళ మధ్య, దొర ముందు, ఆడది మొగుడికి పని నేర్పినట్టు మాట్లాడకూడదు కదా అని ఆ తరవాత నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నోరు విప్పక్కర్లేదు. చెయ్యి ఆపితే చాలు. ఎప్పుడూ ఆపినట్టు ఆపితే చాలు, ఆయన తీసేసేవారు. నా చేతులు ఆగబోయాయి కూడా. నేనే వాటిని ఆగనివ్వలేదు. ముప్ఫై తూములు అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు. ఎడమది, కుడిది, ఎడమది, కుడిది. చిటపట పెరిగి తెల్లని రవ్వలు లేచాయి, ఎండలో అవి ఇంకెవరికీ కనిపించలేదు. ఆయన ఇక చాలని కమ్ములు బయటికి తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టారు. సమ్మెట పడింది. అతికింది. జనం ఆహా అన్నారు. నేను తిత్తుల మీద తల ఆనించాను.

చల్లారాక కమ్మిని తలుపుకి బిగించారు. మీట ఆయనే నొక్కారు. తలుపు సగం దాకా లేచింది, ఎనిమిదో పన్నో తొమ్మిదో పన్నో. అక్కడ నీటి తోపుడు బిగుసుకుంది. ఆయన ఇంకాస్త బలంగా నొక్కారు. కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు, అంతే. తలుపు దబ్బున కిందికి పడి నీళ్ళు అందరి మీదా చిందాయి. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. దొరగారు లేచి వచ్చి విరిగిన చోటు వేలితో తడిమి చూశాడు. మంచి ఇనుము విరిగిన చోట నారలా ఉంటుంది, ఇది ఇసక ముద్దలా గింజలు గింజలుగా ఉంది. ఏదో నెమ్మదిగా అన్నాడు. ఆలోచన మంచిదేననీ, పల్లెటూరి కొలిమి మీద కాలవని నమ్మలేమనీ గుమాస్తా చెప్పాడు. పడవ వెళ్ళిపోయింది.

విరిగిన కమ్మిని ఆయన పిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని బండి దాకా మోశారు. ఊళ్ళో వాళ్ళకి మాటలు కరువు కాలేదు. అమావాస్య నాడు కొలిమి వెలిగిస్తే ఇనుము నిలుస్తుందా అన్నారు. పెనుగొండ అమ్మవారి దగ్గరికి వెళ్ళి వచ్చిన వాళ్ళూ అదే అన్నారు, మా అత్తగారైతే అది అనడానికే మూడు రోజులు పస్తున్నట్టు చెప్పింది. ఎవరైనా అడిగితే మా ఆయన కూడా అవును, అమావాస్య అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు చెమట పట్టేది. నేను చేసిన పని ఒక తిథి మీద పెట్టేశారు, ఆ తిథికి నోరు లేదు.

ఆ తరవాత ఆయన కొత్తవేవీ చెయ్యలేదు. తాటి మట్టలు పొయ్యిలోకి వెళ్ళాయి. కర్రులు, కొడవళ్ళు, పారలు. కొన్నేళ్ళకి పెద్ద కాలవ తూములకి ఎక్కడో తయారైన మర తలుపులు వచ్చాయి, ఒక్క లస్కరు తిప్పితే లేచేవి. ఆయన అటువైపు వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళేవారు. నేను ఒక మనిషి రెక్కలు విరిచాను, ఆయన ఆ సంగతి తెలియక నేను వండిన అన్నమే తింటున్నారు. ఈ ఆలోచన నాతో పాటు లేచేది, నాతో పాటు పడుకునేది. అందుకని మారు మాట్లాడకుండా పని చేశాను. తిత్తికి మనిషి కావాలని మళ్ళీ అనలేదు. భుజం పైకి లేవకపోతే కట్టు కట్టుకుని కూర్చున్నాను. జ్వరంతో కూర్చున్నాను. ఇదే నా శిక్ష అనుకున్నాను. శిక్ష అనుకుంటే చాకిరీ కొంచెం తేలిక అవుతుంది, అదో మాయ. అలా పద్ధెనిమిదేళ్ళు.

మా అమ్మాయి మిషను బడిలో చదువుకుని, అదే బడిలో పంతులమ్మ అయింది. కొలిమి పిల్లకి చదువేంటని మొదట నవ్విన వాళ్ళే తరవాత పిల్లల్ని పంపారు. నాకు అక్షరాలు నేర్పింది అదే, ఇవి రాస్తున్నది ఆ అక్షరాలతోనే. మా ఆయన చూపు మందగించాక సుత్తి పక్కన పెట్టక తప్పలేదు. సాల తలుపు మూశాం, మమ్మల్నిద్దర్నీ అమ్మాయి తన దగ్గరికి తెచ్చుకుంది. నిప్పు వైపు చూసి చూసి ఆయన కళ్ళ మీద పొర కమ్మింది. నన్ను మనిషి ఆకారంగా పోల్చుకునేవారు, మొహం తెలిసేది కాదు. బహుశా అందుకే చెప్పగలిగాను.

ఓ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఆయనకి జావ తాగిస్తున్నాను. ఏ ముహూర్తమూ కాదు, ఏ కారణమూ లేదు. మోసి మోసి చేతులు సొమ్మసిల్లినట్టు, ఇక పట్టుకోలేక ఆ మాట కింద పెట్టేశాను. "ఆ రోజు గట్టు మీద ఇనుము మాడుతుంటే నాకు తెలిసిందండి. తెలిసే తిత్తి కొట్టాను" అన్నాను.

ఆయన జావ మింగారు. మూతి తుడుచుకున్నారు.

"తెలుసు" అన్నారు.

ఎలా తెలుసని అడిగాను.

"విరిగిన చోటు చూడగానే మాడిందని తెలిసింది. ఇనుము మాడుతుంటే నీకు తెలియకపోవడమేంటి?"

"మరి పద్ధెనిమిదేళ్ళు అమావాస్య, అమావాస్య అన్నారు. నన్ను ఒక్కసారి అడగలేదేంటి?"

ఆయన ఎండ తగులుతున్న వైపు మొహం తిప్పుకుని, మెల్లిగా అన్నారు. "అడిగితే అలిసిపోయాను అంటావు. ఆ మాట నా చెవిని పడ్డాక నిన్ను మళ్ళీ ఆ పీట మీద కూర్చోబెట్టలేను కదే. కొలిమి ఆగిపోతుంది."

కోపం వచ్చింది. నా జన్మలో అంత కోపం రాలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు, కాకి అయినా ఎదురుగా వచ్చి పొడుస్తుంది. తిడదామని నోరు తెరిచాను. ఏమని తిట్టాలి? ముందు మోసం చేసింది నేను. గుడ్డి ముసలాయన, గడ్డం మీద జావ. తుడిచాను. గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాను.

ఆ కమ్మి విరిగిన మర్నాటి పొద్దు అప్పుడు కళ్ళ ముందుకొచ్చింది. పాడ్యమి. నేను రాత్రంతా నిద్రపోలేదు. ఇవాళ ఆయన లేవరు, సాల తెరవరు, అంతా నా వల్లే అని పడుకుని ఉన్నాను. తెల్లారకుండానే సాలలో బొగ్గులు పోసిన చప్పుడైంది. కాసేపటికి ఆయన గొంతు వినిపించింది, ఎప్పటిలాగే, కోపం లేదు, ఏమీ లేదు. "నిప్పు రాజుకుంది, రా" అన్నారు. పాపం, ఈ మనిషికి ఏమీ తెలియదు కదా అని నాకు ఏడుపొచ్చింది. మొహం కడుక్కుని, గబగబా వెళ్ళి తిత్తులు పట్టుకున్నాను.